అరగని బూట్లు

చెంచాని బోర్లా పట్టుకుని ఆమె మేస్త్రీ చొక్కా మోచేతుల దగ్గర గీకుతోంది. మడతల్లో పేరుకున్న తెల్లటి పొర పెచ్చులు పెచ్చులుగా లేచి, కింద పరిచిన పాత కాగితం మీద రాలుతోంది. ముందు గీకాలి. తర్వాత మరిగే నీళ్ళు, ఆ తర్వాత గుప్పెడు బట్టల సోడా. ఈ వరస తప్పి చన్నీళ్ళలో ముంచితే ఆ కొవ్వంతా నూలులోకి దిగి, గంజి పెట్టినట్టు బిర్రబిగుసుకుపోతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె అలాగే ముంచింది. ఆరిన చొక్కాని గోడకి ఆనిస్తే, లోపల మనిషి లేకుండానే అది నిలబడింది.

"బాగుందమ్మాయ్," అంది అత్తగారు అప్పుడు. "మొగుడు డ్యూటీకెళ్ళినా నీకు తోడుంటాడు."

అది పాత నవ్వు. ఈ మధ్య ఆ ఇంట్లో నవ్వులన్నీ పాతవే, ఉతికి ఉతికి రంగు పోయినవే.

మరిగిన నీళ్ళు బకెట్లో పోసి సోడా చల్లింది. చొక్కా మునగగానే నురగ దానంతట అదే పైకి వచ్చింది. సబ్బు రుద్దే పని లేదు. బట్టలో ఉన్న కొవ్వే సోడాతో కలిసి సబ్బయిపోతుందని మేస్త్రీయే ఒకప్పుడు చెప్పాడు. "తన మురికి తనే వదిలించుకునే మొగుడు ఎంతమందికి దొరుకుతాడే?" అని గొప్పలు పోయాడు కూడా. ఆమె కర్రతో చొక్కాని ఒకసారి లోపలికి నొక్కి, నడుము పట్టుకుని లేచింది. దుప్పటి మార్చడానికి, మంచాన పడ్డ తమ్ముణ్ణి పక్కకి దొర్లించినప్పుడు పట్టిన నడుము అది. ఇంకా వదల్లేదు.

మేస్త్రీ పని చేసేది ఊరి చివర కొవ్వు కంపెనీలో. బోర్డు మీద పొడుగాటి పేరేదో ఉంది గాని దాన్ని ఎవరూ చదవరు. ట్యాంకర్లలో వచ్చిన పామాయిలూ, డ్రమ్ముల్లో వచ్చిన పశువుల కొవ్వూ అక్కడ ఆవిరి ఒత్తిడికి విడిపోతాయి. గ్లిసరిన్ ఒక దారిన పోతుంది, ఆమ్లం ఇంకో దారిన పోతుంది. ఆమ్లం అనగానే ముట్టుకుంటే కాలిపోతుందనుకుంటారు గాని, చల్లారితే అది మైనం లాంటి వస్తువు, పసిపిల్లలు పట్టుకున్నా ఏమీ కాదు. కరిగి ఉన్నప్పుడే దాని జోలికి పోకూడదు. అన్నిటికన్నా చివర ఉండేది రేకుల సెక్షన్. లోపల చన్నీళ్ళు పారే పెద్ద ఇనుప పీపా ఒకటి అక్కడ పగలూ రాత్రీ తిరుగుతూ ఉంటుంది. కరిగిన ఆమ్లం దాని ఒంటి మీద పల్చగా పరుచుకుని, ఒక చుట్టు తిరిగేలోపు గడ్డకడుతుంది. ఒక కత్తి దాన్ని గీకి తెల్లటి రేకులుగా రాలుస్తుంది. రేకులు బస్తాల్లోకి, బస్తాలు లారీల్లోకి. ఆ సెక్షన్‌కి అతను మేస్త్రీ.

ఆ లారీలు ఎక్కడెక్కడికి పోతాయో కొత్తలో అతను ఆమెకి ఇల్లంతా తిప్పి చూపించాడు. ఒంటిసబ్బు తీసి, "ఇది మనదే" అన్నాడు. కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తి తీసి, "ఇదీ మనదే. మన రేకులు కలపకపోతే ఎండకి కొంగమెడలా వంగిపోతుంది" అన్నాడు. అతను గడ్డానికి రాసుకునే క్రీమూ మనదే, ఆమె మొహానికి రాసుకునే క్రీమూ మనదే. పక్కింటి పిల్ల గోడలన్నీ పాడుచేసే మైనపు రంగులూ, వీధిలో పోయే సైకిలు టైర్లూ మనవే. చివరికి అత్తగారు మింగే బీపీ మాత్ర కూడా. మాత్రలు అచ్చుకి అంటుకోకుండా వేసే పొడి ఈ రేకులతోనే చేస్తారట.

"అయితే నా బీపీ కూడా మీ కంపెనీదేనేమిట్రా?" అంది అత్తగారు.

తమ్ముడు పడిపోయినప్పటి నుంచి మేస్త్రీ "ఇదీ మనదే" అనడం మానేశాడు.

తమ్ముడంటే ఆమె తమ్ముడే, తోడబుట్టినవాడు. ముప్ఫై దగ్గర పడుతున్నా ఇంట్లో అందరికీ ఇంకా చిన్నోడే. ఎక్కడా నిలకడగా పని దొరకక తిరుగుతుంటే, ఆమె పోరగా పోరగా మేస్త్రీ తన సెక్షన్‌లోనే పెట్టించుకున్నాడు. బావ కళ్ళ ముందు ఉంటాడు, ఇంక భయం లేదనుకుంది. ఒకరోజు బస్తా భుజాన వేసుకుని ఇనుప మెట్లు దిగుతుంటే, పీపా కింది తొట్టి పొంగి, కరిగిన కొవ్వు వాడి పాదం మీద పడింది. చురుక్కుమని కాలు ఎత్తాడు. రెండో కాలు నిలవలేదు. దొర్లుకుంటూ కింద పడితే తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. పాదం మీద పడినది అక్కడే గడ్డకట్టి, ఆస్పత్రిలో ఒలిస్తే దానితో పాటు తోలూ వచ్చింది.

ఇప్పుడు వాడు ముందు గదిలో, వీధి తలుపు పక్కన మంచం మీద ఉన్నాడు. ఇంట్లోకి ఎవరు రావాలన్నా, బయటికి ఎవరు పోవాలన్నా వాడి కాళ్ళ పక్క నుంచే.

ఇవాళ పొద్దున్నే కంపెనీలో విచారణ ఉంది. మేస్త్రీ వెళ్ళి ఒక్క ముక్క చెప్పాలి: పడ్డప్పుడు వాడి కాళ్ళకి బూట్లు లేవు. ఆ ముక్క చెప్తే తప్పంతా వాడిదవుతుంది. వైద్యం సంగతి కంపెనీ చూడదు, కాలు కూడుకున్నాక కూర్చుని చేసే పనైనా ఇవ్వదు. ఆఫీసరు మొన్న వాకిట్లోకే వచ్చి, గడప దాటకుండానే మాట్లాడి వెళ్ళాడు. "నేనేం అబద్ధం చెప్పమనడం లేదు మేస్త్రీ. బూట్లు ఉన్నాయా? లేవు. లేవనే చెప్పు. నిజం చెప్పడానికి కూడా ఇంత ఆలోచనేంటయ్యా?"

తమ్ముడు అప్పుడు కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. తర్వాత ఆమె అడిగితే, "అవునక్కా, మర్చిపోయాను. నాదే తప్పు," అన్నాడు, పైకప్పు కేసి చూస్తూ.

గొడుగు మర్చిపోయారంటే నమ్మొచ్చు. బూట్లు ఎలా మర్చిపోతారు? ఆ ప్రశ్న ఆమె పైకి అనలేదు. కంపెనీ మాట తనకేం తెలుసని ఊరుకుంది.

చొక్కా నానుతుంటే ఆమె గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళూ మెత్తటి గుడ్డా తీసుకుని తమ్ముడి మంచం దగ్గరికి వచ్చింది. కట్టు లేని కాలిని ఒళ్ళో పెట్టుకుని తుడవసాగింది.

"అక్కా, చక్కిలిగిలి."

"విరిగిన కాలికి చక్కిలిగిలేంట్రా?"

"అది వేరే కాలు. ఇది ఆరోగ్యంగానే ఉంది, దీనికి కష్టసుఖాలు తెలీవు."

"నోరు మాత్రం విరగలేదు నీకు," అంది ఆమె.

పాదం కింద తుడుస్తూ చెయ్యి ఆపింది. అరికాలు తెల్లగా, మెత్తగా, అప్పుడే పుట్టిన బిడ్డ పాదంలా ఉంది. మడమకి పగులు లేదు, వేళ్ళ కింద కాయ లేదు. బస్తాలు మోసేవాడి అరికాలా ఇది? ఆమె తన మడమ వైపు చూసుకుంది. బీటలు వారిన మడిలా ఉంది, వేలి కొన దిగేలా. ఇన్నాళ్ళూ రోజూ ఈ పాదాన్ని తుడుస్తూనే ఉంది. చేతులకి తెలిసిన సంగతి ఇవాళే తలకెక్కింది.

గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. తెర వెనక మేస్త్రీ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని వీపే చెప్తోంది. దుప్పటి చాలక పాదాలు బయట పడి ఉన్నాయి. తెల్లగా, మెత్తగా, నున్నగా.

గుడ్డ నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

తర్వాత వెళ్ళి గూట్లో ఉన్న అతని బూట్లు తీసింది. విచారణకి వెళ్ళేటప్పుడైనా మెరవాలని రాత్రే పాలిష్ డబ్బీ తీసి పెట్టుకుంది. పాలిష్ చెయ్యకుండా బూటుని తిరగేసి చూసింది. అడుగున గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. కంపెనీ బస్సు వీధి మలుపులోనే ఆగుతుంది కాబట్టి మలుపు దాకా నడిచిన మట్టి మాత్రం కొంచెం ఉంది. అతని చొక్కా మోచేతుల్లో, కాలర్లో, జేబు మూలల్లో, ఆఖరికి చెవి వెనక కూడా రేకుల పొడి ఉంటుంది. బూటు గాడిలో మాత్రం ఒక్క పెచ్చు లేదు. జాగ్రత్త గల మనిషి, గేటు దగ్గరే శుభ్రంగా తుడుచుకుని వస్తాడని ఇన్నాళ్ళూ మురిసిపోయింది.

వంటింటి గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తున్న అత్తగారు తల ఎత్తింది. "ఆ బూట్లేం పాపం చేశాయే, కోడిని కొనేదానిలా అలా తిప్పి తిప్పి చూస్తున్నావు?"

"అరగలేదత్తయ్యా."

"అరక్కపోతే మంచిదేగా. ఇంకొన్నాళ్ళు వస్తాయి."

మేస్త్రీ లేచి మొహం కడుక్కుని వచ్చాడు. ఆమె టీ ఇచ్చింది. అతను గుటక వేసేదాకా ఆగి, బూట్లు ముందు పెట్టి, వాటి పక్కనే కూర్చుని పాలిష్ మొదలుపెట్టింది.

"కంపెనీవాళ్ళు బూట్లు మంచివే ఇచ్చారు," అంది. "ఎన్నాళ్ళు తొడిగినా అరగవు."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరు చెప్పారు నీకు? వాడా?"

"వాడి నోట్లోంచి మాట ఊడిపడదు. ఇద్దరి అరికాళ్ళూ ఒకేలా ఉన్నాయండీ, రోజూ ఆ కొవ్వు రేకుల్లో వట్టి కాళ్ళతో తిరిగినట్టు మెత్తగా. నేను చూశాను."

అత్తగారి చేతిలో వెల్లుల్లి ఆగింది. మేస్త్రీ మొహం చేత్తో తుడుచుకున్నాడు, తుడవడానికి ఏమీ లేకపోయినా.

"ఇదివరకు షిఫ్టు మారేటప్పుడల్లా పీపా ఆపేవాళ్ళం," అన్నాడు చివరికి. "నేలంతా గీకి, వేడినీళ్ళతో కడిగి, ఆరాక మళ్ళీ తిప్పేవాళ్ళం. పీపా ఆగితే రేకులు తగ్గుతున్నాయని పైవాళ్ళు కడగడం మాన్పించారు. ఆ నేల మీద బూట్లతో నడిచి చూడు తెలుస్తుంది. గాడుల్లో రేకులు కూరుకుపోయి, ఒంటి బరువుకి నున్నగా అయిపోతాయి. అద్దం మీద అద్దం జారినట్టే. రోజూ ఎవడో ఒకడు పడేవాడు. అప్పుడు నేనే అన్నాను, బూట్లు విప్పి బల్ల కింద పెట్టండ్రా, పిల్లుల్లాగా వేళ్ళతో నేలని పట్టుకుని నడవండ్రా అని. ఆ తర్వాత ఒక్కడు జారితే ఒట్టు. ఆఫీసర్లు లోపలికి వస్తున్నారంటే గేటు దగ్గర వాడు ఈలేస్తాడు. అందరం బూట్లలోకి దూకుతాం."

"వాళ్ళకి తెలీదా?"

"తెలీకపోతే అంత గట్టిగా ఈలేసినా వినపడనట్టు ఎందుకొస్తారు?"

ఆమె బూటు ముందుభాగం మీద గుడ్డతో గుండ్రంగా రుద్దుతూనే ఉంది. "చిన్నోడికి కూడా మీరే చెప్పారు."

తెర అవతల మంచం కిర్రుమంది.

"మొదటిరోజు వాడు విప్పనన్నాడు," అన్నాడు మేస్త్రీ గొంతు తగ్గించి. "రూలు కదా బావా అన్నాడు. రూలు పట్టుకుంటే పడి చస్తావురా అని, పదిమంది ముందు తిట్టి విప్పించాను. తొట్టి పొంగుతుందని ఎవడనుకున్నాడు? కాలికి బూటు ఉండుంటే ఆ చుక్క బూటు మీదే గడ్డకట్టేది."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. పైవాళ్ళు కడగడం మాన్పించారు, మేస్త్రీ బూట్లు విప్పించాడు, తమ్ముడు మాట విన్నాడు, వాణ్ణి అక్కడ పెట్టించమని తను పోరింది. పిడికెళ్ళన్నీ లెక్కకి వచ్చేసరికి మంచంలో పడ్డవాడి నెత్తినే పోస్తున్నారు.

"ఇదంతా అక్కడ చెప్తే?" అంది.

"బూట్లు విప్పించింది నువ్వేనా అంటారు. నేనే అంటాను. మర్నాడు గేటు దగ్గర నన్ను ఆపేస్తారు."

"ఇంకేం," అంది అత్తగారు. "ఇద్దరూ చెరో మంచం ఎక్కండి, మేం ఇద్దరం చెరో పక్క విసురుతూ కూర్చుంటాం." ఒలిచిన రెబ్బలు గిన్నెలో వేసి, కోడలి వైపు తిరిగింది. ఈసారి గొంతులో వెటకారం లేదు. "అమ్మాయ్, నీ తమ్ముడి మీద నాకేం కోపం ఉంటుంది చెప్పు? నా చేతి ముద్ద తిన్నవాడే వాడూ. కానీ ఆ కాలితో ఇంక బస్తాలు మొయ్యలేడు, వాడి పని ఎలాగూ పోయినట్టే. వెలిగే పొయ్యి ఒక్కటుంది. దాంట్లో కూడా మన చేత్తో మనమే నీళ్ళు పోసుకోవాలా?"

ఆమె ఆ మాటలో తప్పు వెతికింది. దొరకలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ దొరక్కపోవడంతో ఒంట్లో ఉన్న కాస్త ఓపికా జారిపోయినట్టయింది.

"బావా!" ముందు గదిలోంచి తమ్ముడు కేకేశాడు. "గోడలకి చెవులుంటాయంటారు. ఈ ఇంట్లో గోడే లేదు, తెరే కదా ఉంది. కాస్త గుసగుసగా మాట్లాడుకోవాలి ఇలాంటివి."

మేస్త్రీ టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"నేను మర్చిపోయాననే చెప్పెయ్ బావా. రేపు నన్నడిగినా అదే చెప్తాను. ఇద్దరిదీ ఒకే మాటయితే గొడవే ఉండదు. అక్కా, మాత్ర వేళయింది."

ఆమె లేచి వెళ్ళి, వాడి తల ఎత్తి పట్టుకుని, మాత్రా నీళ్ళూ అందించింది. వాడు మాత్రని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని దీపం వెలుగుకి పట్టి చూసినట్టు చూశాడు.

"ఇదీ మనదే కదా బావా?" అన్నాడు. "కింద పడేసిందీ మనదే, లేపడానికి వేసేదీ మనదే. మనం లేకపోతే ఈ లోకానికి గడవదు."

అది నవ్వించడానికే అన్నాడు. తెర వెనక గ్లాసు నేలకి తగిలిన చప్పుడు వినపడింది.

ఆమె తిరిగి వచ్చేసరికి మేస్త్రీ నిలబడి ఉన్నాడు. "నువ్వు చెప్పు," అన్నాడు. "నువ్వేమంటే అది."

ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆ మాట అనడం ఇదే మొదలు. అనడానికి ఈ రోజే దొరికింది. అటు చూస్తే కడుపు పంచుకు పుట్టినవాడు, ఇటు చూస్తే కట్టుకున్నవాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెప్పెయ్యండి అంటే రేపు పొయ్యి వెలగని ప్రతి పూటా అత్తగారు తన మొహమే చూస్తుంది. వద్దులెండి అంటే ఆ మెత్తటి పాదాన్ని రోజూ ఒళ్ళో పెట్టుకుని తుడవాల్సింది తనే.

"నీళ్ళు చల్లారిపోతున్నాయండీ," అంది. "చల్లారితే చొక్కా మళ్ళీ బిగుసుకుంటుంది."

పెరట్లోకి వెళ్ళి బకెట్ ముందు కూర్చుంది. చొక్కాని ఎత్తి దులిపింది, పిండింది, మళ్ళీ ముంచింది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. నురగ మోచేతుల దాకా వచ్చింది. లోపల బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. అతను మంచి చొక్కా తీసుకుంటున్నాడు. బూట్లు పాలిష్ చేసి గడప దగ్గరే పెట్టి వచ్చింది. ఏం చెప్పబోతున్నాడని అడగడానికి ఆమెకి నోరు రాలేదు. అడగకుండా ఉండటానికి కూడా చేతులకి పని కావాలి కాబట్టి, శుభ్రమైపోయిన చొక్కానే మళ్ళీ పిండుతూ కూర్చుంది.

ముందు గదిలో ముక్కాలిపీట జరిగిన చప్పుడయింది. ఆమె తడి చేతులతోనే లేచి తెర దాకా వచ్చింది.

మేస్త్రీ తమ్ముడి కాళ్ళ దగ్గర పీట మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. ఒకటి తొడిగి, తాడు ముడి వేశాడు. రెండోది తొడిగి, ముడి వేశాడు. సెక్షన్ నేల మీద సరిగ్గా నాలుగడుగులు వెయ్యని బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి.

"పెళ్ళికొడుకులా ఉన్నావు బావా," అన్నాడు తమ్ముడు. "ఈల వినపడకుండానే నువ్వు బూట్లు తొడగడం నేను చూడటం ఇదే మొదలు. కరుస్తాయేమో, జాగ్రత్త."

మేస్త్రీ లేవలేదు. వాడి పాదానికి చుట్టిన కట్టు వైపు చూస్తున్నాడు. పొద్దున మార్చిన కట్టే గాని, మధ్యలో మళ్ళీ పసుపుపచ్చగా ఊరింది. తమ్ముడు నవ్వు ఆపి, దుప్పటి అంచుని పాదం మీదికి లాక్కోబోయాడు. చెయ్యి అంత దూరం అందలేదు.

మేస్త్రీయే వంగి దుప్పటిని కట్టుకి తగలకుండా సర్దాడు. అలా వంగినవాడు వంగినట్టే ఉండి, తన బూటు ముడి లాగాడు. ఒకటి విప్పాడు. రెండోదీ విప్పాడు. జతని పక్కపక్కన పెట్టి, సెక్షన్‌లో బల్ల కిందికి నెట్టినట్టే తమ్ముడి మంచం కిందికి నెట్టాడు.

"బావా," అన్నాడు తమ్ముడు. వాడి గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు. "వద్దు బావా. నేను చెప్తున్నాను కదా."

"ఒరేయ్, బూట్లురా!" అత్తగారు వెల్లుల్లి గిన్నెతో సహా గుమ్మంలోకి వచ్చింది. "పెద్దవాళ్ళ ముందుకి అలాగేనా వెళ్ళడం? ఒరేయ్!"

మేస్త్రీ తల్లి వైపు చూశాడు. తెర పట్టుకుని నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆమె చేతుల నుంచి నురగ నేల మీదికి జారుతోంది. ఆమె పక్కకి తప్పుకోనూ లేదు, ముందుకి రానూ లేదు.

గడప దాటాడు. వీధిలో కొత్తగా కంకర పోశారు. ఆ పాదాలకి అలవాటు లేని నేల అది. మొదటి అడుగుకే భుజం ఎగిరింది, రెండో అడుగు గాల్లో కాసేపు ఆగింది. నిప్పుల మీద నడిచేవాడిలా ఒక్కో అడుగూ వెతుక్కుని వేస్తూ, వెనక్కి తిరగకుండా, బస్సు ఆగే మలుపు వైపు వెళ్ళిపోయాడు.